పేట తరఫు కుర్చీ

పేటలో ఆమెను అందరూ కుర్చీ అత్త అంటారు. అసలు పేరు ఆసుపత్రి బట్టల గదిలో జీతాలిచ్చే గుమాస్తాకు తెలుసు, మొగుడికి తెలుసు. గుమాస్తా రిటైరై ఎటో వెళ్లిపోయాడు. మొగుడు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడా పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూస్తుందో లేదో చెప్పలేం.

ఆ రోజు పొద్దున్నే కూతురు వచ్చి, చెప్పులైనా విడవకుండా గోడకు చెయ్యి ఆనించి చూసింది. అరచేయి తడిగా మెరిసింది.

"చెమ్మ కిటికీ దాకా ఎక్కిందమ్మా."

"వానలు కదే. ఎండలొస్తే అదే దిగుతుంది."

"ఎండలొచ్చేసరికి నువ్వుండాలిగా."

ఆ మాటకు బదులుగా కుర్చీ అత్తకు దగ్గొచ్చింది. ఆపుకుందామనుకుంది. ఆపుకున్న దగ్గు ఇంకా గట్టిగా వస్తుంది. కూతురు తాడు మీది దుప్పటి లాగి ఒక కొస తల్లి చేతికిచ్చింది. ఇద్దరూ దుప్పటిని బిగలాగి పట్టి, దగ్గరకొచ్చి, కొసలు కలిపి, మళ్లీ దూరం జరిగారు. ఆసుపత్రి బట్టల గదిలో కుర్చీ అత్త ముప్పై ఏళ్లు చేసిన పని అదే. దుప్పటి మడతపెట్టడానికి ఎదుట ఇంకో మనిషి ఉండాలి. మొగుడున్నన్నాళ్లూ ఇంట్లో ఆ రెండో కొస ఆయన పట్టుకునేవాడు. ఇప్పుడు ఆమె ఒక కొసను తలుపు గడియకు తగిలిస్తోంది.

"ఓటు అయ్యాక వస్తానన్నావు. ఇవాళే కదా ఓటు?" అంది కూతురు.

"ఇవాళే."

"సాయంత్రం బండి మాట్లాడుకుని వస్తా. మళ్లీ వచ్చే నెల మీటింగుందనకు."

"సెంటరులో పిల్లల గది మూసెయ్యకుండా నిలబడితే చాలే. తర్వాత నన్నెక్కడికైనా తీసుకుపో. మూట కట్టి పట్టుకుపో."

"మూటలో కూడా కుర్చీ దాచుకొస్తావు నువ్వు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక వాళ్ల మధ్య దుప్పటి మిగిలింది. తండ్రి పోయిన మర్నాడు ఇదే గదిలో కూతురు ఒక మాట అంది. "నీ కుర్చీ నాన్నని తినేసిందమ్మా" అంది. మళ్లీ ఎన్నడూ అనలేదు. కానీ వచ్చిన ప్రతిసారీ గోడ మీద చెయ్యి ఆనించి చూస్తుంది. కుర్చీ అత్తకు ఆ చెయ్యి ఆ మాటలాగే వినిపిస్తుంది.

ప్రభుత్వ సంస్థ ఒకటి పేటకు వచ్చింది కూతురు పుట్టిన ఏడాది. భుజాలకు సంచులు తగిలించుకున్న పడుచువాళ్లు పేటలో ఇంటింటికీ తిరిగారు. ఆడపిల్లలు, మగపిల్లలు. బూట్లకు బురదంటుకున్నా లెక్కచెయ్యకుండా, ఇచ్చిన నీళ్లు తాగుతూ, "మీకేం కావాలో మేం చెప్పం. మీరే చెప్పండి" అన్నారు. ప్రభుత్వం నుంచి వచ్చినవాళ్లు అలా అడగడం పేట అంతకుముందు ఎరగదు. పన్ను కట్టమని, ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పేవాళ్లే తప్ప అడిగేవాళ్లు రాలేదు. అందుకే మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. అడిగితే ఏం చెప్పాలో కూడా అలవాటు ఉండాలి.

పాత సబ్బుల గోదాము శుభ్రం చేసి సెంటరు పెట్టారు. అందులో పిల్లల గది, కుట్టు మిషన్ల గది, పొడుగాటి బల్ల ఉన్న మీటింగు గది. ఎంత కడిగినా సబ్బు వాసన పోలేదు. లేమిని పేట పొలిమేర దాకా తరిమేస్తామన్నారు. సంస్థను నడిపే సంఘంలో మూడో వంతు కుర్చీలు పేటవాళ్లవే కావాలని చట్టంలోనే రాశారు. పేటవాళ్లను పేటవాళ్లే ఎన్నుకోవాలి. వాళ్లు పేటలోనే ఉండాలి. రైలు పట్టాలు పేటకు హద్దు. పట్టాలు దాటి కాపురం మార్చినవాడి కుర్చీ ఆ రోజుతో సరి.

మొదటి మీటింగులో పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎన్నికైన పేటవాళ్లు అలవాటు చొప్పున గోడ వెంట నిలబడ్డారు. చంకలో పిల్లతో నిలబడలేక ఒకామె మూలనున్న కుర్చీని కిర్రుకిర్రుమని ఈడ్చుకొచ్చి బల్ల దగ్గర వేసుకుని కూర్చుంది. ఆ చప్పుడుకు మాట్లాడుతున్న ఆయన ఆగిపోయాడు. మిగతా పేటవాళ్లు ఒక్కొక్కరే కుర్చీలు తెచ్చుకున్నారు. ఆ రాత్రికల్లా ఆమెకు ఆ పేరు స్థిరపడింది.

మొగుడు బోర్డులు రాసేవాడు. సెంటరు గుమ్మం మీద ఆకుపచ్చ మీద తెల్లక్షరాలతో 'పేదరిక నిర్మూలన ప్రజా సంస్థ' అని రాసింది ఆయనే. మీటింగు రోజున తలుపు తీసి పట్టుకుని, "మహారాణీ, సింహాసనం ఎదురుచూస్తోంది" అనేవాడు. తిరిగొచ్చాక, "ఏం తేల్చారు ఇవాళ?" అని అడిగి, మొదటి నుంచి చివరి దాకా వినేవాడు. సందు చివర కొళాయి ఆమె చెయ్యెత్తితే వచ్చింది. పట్టాల పక్క దీపం కూడా. ఆ కొళాయి కింద ఎవరు బిందె పెట్టినా ఆమె చెయ్యి కొంచెం తడిసినట్టుండేది.

తర్వాత ప్రభుత్వాలు మారాయి. పై ఆఫీసులో ఖర్చు తగ్గించాలన్నవాళ్లు వచ్చారు. సంచులతో తిరిగిన పడుచువాళ్లు వేరే ఉద్యోగాలకు పోయారు. ఇంటింటికీ తిరగడం మానేసి, కావలసినవాళ్లే సెంటరుకొచ్చి అడగాలని కిటికీ పెట్టారు. ఆకుపచ్చ బోర్డు మీద నీలం రంగు వేసి ఆమె మొగుడే 'కుటుంబ సహాయ శాఖ' అని రాశాడు. పేట తరఫువాళ్లలో ఒకరు పోయారు, ఒకరు పట్టాలు దాటారు, ఒకరికి విసుగొచ్చింది. వాళ్ల చోట్లకు ఎన్నికలు జరగలేదు. "మీరుండగా ఎన్నికెందుకు అక్కా" అన్నాడు కార్యదర్శి. పేట తనను నమ్ముకుంది కాబోలనుకుందామె. అలా అనుకోవడం సుఖంగా ఉంది.

మొగుడు పోయాక మూడో బోర్డొచ్చింది. 'సేవల సమన్వయ విభాగం'. దాన్ని ఎవరూ చేత్తో రాయలేదు. ఎక్కడో అచ్చు వేసిన రేకు తెచ్చి మేకులు కొట్టారు. పాతది తియ్యలేదు. ఓ పక్కన రేకు సరిగా అతుక్కోక, కింద నీలం, నీలం పెచ్చులూడిన చోట ఆకుపచ్చ కనిపిస్తాయి.

మధ్యాహ్నం మీటింగుకు వెళ్తూ ఆ మూల కేసి ఓసారి చూసి లోపలికి నడిచింది.

టీ మొదట ఆమెకే ఇచ్చారు. ఎప్పుడూ ఆమెకే ఇస్తారు. అధ్యక్షురాలు కొత్త మనిషి, పై ఆఫీసు నుంచి వచ్చింది, ఇదే మొదటి మీటింగు. చురుగ్గా ఉంది. పిల్లల గది మూసి, పిల్లల్ని పట్టాలవతల పెద్ద సెంటరుకు పంపాలన్నది విషయం. కుర్చీ అత్త లేచింది.

"అమ్మా, పొద్దున్న పనికెళ్లే ఆడది పిల్లనెత్తుకుని పట్టాలు దాటి, అక్కడ దింపి, మళ్లీ ఇవతలకొచ్చి పనికెళ్లాలంటే ఇంట్లో కోడి కంటే ముందు లేవాలి. గేటు పడితే ఇక అంతే. చివరికేం చేస్తారో తెలుసా? పిల్లని గదిలో పెట్టి గొళ్లెం వేసి పోతారు. ఈ గది రాకముందు నేనూ అదే చేశాను. సాయంత్రం తలుపు తీసేదాకా నా గుండె ఆ గొళ్లానికే వేలాడుతూ ఉండేది."

మందుల షాపాయన కిందికి చూశాడు. బడి టీచరమ్మ ముక్కు తుడుచుకుంది. కుర్చీ అత్త కూర్చుంటూ, చాలా రోజుల తర్వాత ఆ గదిలో తన మాట ఎవరికో తగిలిందని గ్రహించింది.

"ఉంచాలన్నవాళ్లు చేతులెత్తండి" అంది అధ్యక్షురాలు.

ఇదివరకు చేతులు కార్యదర్శి లెక్కపెట్టేవాడు. కళ్లద్దాల మీంచి చూస్తూ పెదాలు కదిపేవాడు, ఫలితం చెప్పేవాడు. కొత్తావిడ తానే వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. ఉంచాలన్నవాళ్లు అయిదుగురు, వద్దన్నవాళ్లు నలుగురు.

"అయితే ఉన్నట్టే" అంది అధ్యక్షురాలు, ఆమె ముఖంలో కూడా ఏదో తేలికైనట్టుంది.

కుర్చీ అత్త ఇంకా చెయ్యి దించలేదు. వద్దన్న నలుగురిలో ఒకాయన, ఇళ్ల కాంట్రాక్టరు, మెడ రుద్దుకుంటూ అన్నాడు, "ఏమనుకోకండి మేడమ్. అత్త చెయ్యి లెక్కలోకి రాదు కదా."

"ఎందుకు రాదు?" అంది బడి టీచరమ్మ.

"కార్యదర్శిగారిని అడగండి."

అందరూ కార్యదర్శి వైపు తిరిగారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడిచాడు. తుడవడం అయిపోయినా పెట్టుకోలేదు.

"పేట తరఫు కుర్చీలు చట్టంలోంచి తీసేశారండీ. శాఖగా మారినప్పుడే. అత్తగారు... ఆవిడ సలహా కోసం వస్తారు. గౌరవంగా."

"అంటే ఓటు లేదా?"

"లేదండీ."

శాఖగా మారినప్పటి నుంచి ఆ గదిలో ఎప్పుడూ ఒక్క చెయ్యి తేడాతో ఏదీ తేలలేదు. ఆమె చెయ్యి ఉన్నా లేకపోయినా ఫలితం ఒకటే అయ్యేది. అందుకే ఎవరూ నోరు విప్పాల్సిన పని పడలేదు. ఇవాళ మొట్టమొదటిసారి ఆ చెయ్యి అవసరమైంది. అవసరమయ్యేసరికి అది లేదని తేలింది.

అటు నలుగురు, ఇటు నలుగురు. సమానమైతే అధ్యక్షుల మాటే మాట. అధ్యక్షురాలు కలం అటూ ఇటూ తిప్పింది. "పైనుంచి వచ్చిన ఆదేశాలు మీకు తెలుసు. నాకు వేరే దారి లేదు" అంది. తర్వాత ఏదో విషయం మొదలైంది. ఆ గొడవలో కుర్చీ అత్త తన చెయ్యి తానే దించుకుంది. ఎవరో పక్కన పెట్టిన వస్తువును తీసుకున్నట్టు దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. అదే ఆమెను భయపెట్టింది. దెబ్బ తగిలిన చోట నొప్పికి బదులు పాత పరిచయం ఏదో కదిలింది. టీ మొదట తనకివ్వడం మొదలైంది ఎప్పటి నుంచి? తను మాట్లాడుతుంటే ఎవరూ అడ్డు చెప్పకపోవడం? పూర్వం అడ్డు చెప్పేవాళ్లు, బల్ల గుద్దేవాళ్లు, "నీకేం తెలుసు" అనేవాళ్లు. ఆ తగువులు ఎప్పుడు పోయాయి? లెక్క పోయిన చోటికి గౌరవం వచ్చి కూర్చుంటే తను గుర్తుపట్టలేదా, గుర్తుపట్టి పలకరించకుండా తప్పుకుందా? మనసులో ఎక్కడో ఓ తలుపు ఉండేది, దాని ముందునుంచి నడిచినప్పుడల్లా తను అడుగు తొందరగా వేసేది. ఆ తలుపు ఇవాళ కాంట్రాక్టరు తీశాడు. అంతే తేడా.

మీటింగు ముగిశాక అందరూ ఆమెను తప్పించుకుని వెళ్లారు. కార్యదర్శి మాత్రం వరండాలో ఆగాడు. ఆయన ఈ సెంటరులోనే ముసలివాడయ్యాడు. మొదట సంచి తగిలించుకుని ఇంటింటికీ తిరిగినవాళ్లలో ఉండిపోయింది ఆయనొక్కడే.

"అక్కా, తిట్టాలనుంటే తిట్టండి."

"కొళాయి?" అందామె.

"ఏంటక్కా?"

"కొళాయికి చెయ్యెత్తాను. అది?"

"అది లెక్కే అక్కా. అప్పుడు మీ చెయ్యి నిజంగా లెక్కే."

"పట్టాల పక్క దీపం?"

"అదీ లెక్కే."

"ఎప్పటి నుంచి కాదు, తమ్ముడూ?"

ఆయన పైకి బోర్డు కేసి చూశాడు. "నీలం రంగు వేసిన ఏడాది నుంచి."

ఆమెకు లోపల ఏదో మెల్లగా దిగడం మొదలైంది. నీలం బోర్డు వానాకాలంలో రాశారు. ఇంటి మాట చలికాలంలో వచ్చింది. పట్టాలవతల శాఖవాళ్లు కట్టిన కొత్త ఇళ్లలో ఒకటి మీకిస్తామన్నారు. మూడో అంతస్తు, పొడి గోడలు, రెండు కిటికీల్లోంచీ ఎండ. ఆయన అప్పటికే దగ్గుతున్నాడు. ఆ సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో గోళ్లలోని రంగు తుడుచుకుంటూ, "నీకు పోవాలనుందా?" అని అడిగాడు. "పోతే కుర్చీ పోతుందిగా" అందామె. ఆయన గోళ్ల కేసే చాలాసేపు చూశాడు. "అయితే ఉందాంలే" అన్నాడు. పగలంతా నిచ్చెన మీద నిలబడ్డాడు, అలసిపోయాడు అనుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. గొంతు వేరే ఎవరిదో అయినట్టుంది.

"చెప్దామనే మీ ఇంటికి బయల్దేరానక్కా. బావగారు ఇక్కడే నిచ్చెన మీదున్నారు. ముందు ఆయనతో అన్నాను. ఆయన బ్రష్షు డబ్బాలో పెట్టి కిందికి దిగొచ్చారు."

"ఏమన్నాడు?"

కార్యదర్శి కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"'చెప్పకండి సార్. దాన్ని కూర్చోనివ్వండి. ఆ కుర్చీ లాగేస్తే మనిషి ఎక్కడ పడుతుందో నాకు తెలీదు' అన్నారు. నా చేత మాట తీసుకున్నారు. పోయే ముందు ఆసుపత్రిలో చూడ్డానికెళ్తే, 'కూర్చుంటోంది కదా?' అనే అడిగారక్కా."

ఆమె వరండా స్తంభం పట్టుకుంది. దాని సున్నం చేతికంటింది.

ఆమెకు ముందుగా వచ్చింది దుఃఖం కాదు, కోపం. నన్ను అడగకుండా నా కోసం చచ్చిపోవడానికి నువ్వెవరు? నీలం బోర్డు తర్వాత ఎన్ని మీటింగులు! ప్రతిసారీ తలుపు తీసి పట్టుకున్నాడు. ఏం తేల్చారని అడిగాడు. ఎవరేమన్నారో, తను ఎలా బదులిచ్చిందో చెబుతుంటే మంచం మీద వెనక్కి ఆని విన్నాడు. మధ్యలో దగ్గు వస్తే వేలెత్తి 'ఆగు' అని సైగ చేసి, దగ్గి, 'ఊఁ, తర్వాత?' అనేవాడు. తెలిసి విన్నాడు. నవ్వుకున్నాడా? ఆ ముఖాన్ని ఇప్పుడు ఎంత దగ్గరికి తెచ్చుకున్నా అందులో నవ్వు దొరకలేదు. చిన్నపిల్ల మట్టితో వండింది తిన్నట్టు నటించే తండ్రి ముఖం కూడా కాదు. ఆయన నిజంగానే విన్నాడు. ఆ గదిలో లెక్కలేని చేతిని ఆ మంచం మీద ఒకడు లెక్కపెట్టాడు. దాన్ని ప్రేమనాలో జాలి అనాలో ఆమెకు తెలియలేదు. రెంటికీ మధ్య గోడ ఉంటే దానికీ చెమ్మెక్కింది.

ఒక్కటి మాత్రం తేటగా కనబడింది. పొడి గోడల ఇల్లు వద్దని వదులుకున్నది కుర్చీ కోసం. కుర్చీ అప్పటికే లేదు. ఆయనకు ఆ రెండూ తెలుసు. ఉందాంలే అన్నాడు.

"మిమ్మల్ని ఇంటి దాకా దింపనా అక్కా?"

"వద్దు తమ్ముడూ. పిల్లల దగ్గర కాసేపు కూర్చుంటా."

పిల్లల గదిలో పొద్దువాలు ఎండ నేలబారుగా పడుతోంది. అమ్మలు ఒక్కొక్కరే వచ్చి తమ పిల్లల్ని పోల్చుకుని తీసుకుపోతున్నారు. కుర్చీ అత్త ముఖం చూసి ఆయాకు అర్థమైంది. బొమ్మలు ఎప్పటిలా ఇష్టమొచ్చినట్టు పడెయ్యకుండా ఒక్కోటీ తుడిచి పెడుతోంది.

"మూసేస్తే ఈ కుర్చీలేం చేస్తారో" అంది ఆయా. పిల్లల కుర్చీలు, మోకాలి ఎత్తువి.

"తగలేస్తారు. ఇంకేం చేస్తారు."

"నువ్వు చెప్పినా వినలేదా అత్తా?"

కుర్చీ అత్త ఒక చిన్న కుర్చీ మీద కూర్చుంది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. తల్లి ఇంకా రాని పిల్ల ఒకతి వచ్చి, అడక్కుండానే ఆమె ఒళ్లో ఎక్కి, చీర కొంగు నోట్లో పెట్టుకుంది. ఆ పిల్ల బరువుకు ఆమె కదల్లేకపోయింది. కదలనక్కర్లేకపోవడం బాగుంది.

కూతురు గుమ్మంలో నిలబడింది. బయట బండి ఆగివుంది. తల్లిని ఆ చిన్న కుర్చీలో చూసి మొదట నవ్వబోయింది.

"ఏమైందమ్మా?"

కుర్చీ అత్త తలెత్తింది. కూతురి ముఖంలో ఆయన నుదురే. ఒక్క మాట చాలు. మీ నాన్నకు తెలుసే, తెలిసే ఉన్నాడే అంటే చాలు. ఆ మాట అంటే తన బరువు సగం తగ్గుతుంది. ఆ సగం ఎటు పోతుందో కూడా ఆమెకు కనబడింది. ఉత్త కుర్చీ కోసం పోయిన తండ్రిని ఈ పిల్ల ఎలా మోస్తుంది? ఉన్న కుర్చీ కోసం పోయినవాణ్ణే ఇన్నాళ్లూ మొయ్యలేకపోయింది.

ఆ క్షణంలో ఆమెకు నిచ్చెన దిగొచ్చిన మనిషి అర్థమయ్యాడు. అర్థమైనందుకు ఓదార్పేమీ కలగలేదు.

"ఒక్క చెయ్యి తక్కువైందే" అంది.

కూతురు వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. తల్లి భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలేమ్మా. నీ వంతు నువ్వెత్తావు."

"ఎత్తాను."

"అది చాలు."

కుర్చీ అత్త తలూపింది. ఒళ్లోని పిల్ల నిద్రపోయింది. దాని తల్లి గేటు పడి పట్టాల దగ్గర ఆగిపోయిందని ఎవరో వచ్చి చెప్పారు.

"బండివాడు తొందరపడుతున్నాడు" అంది కూతురు మెల్లగా.

"దీని తల్లి రానీ. అప్పుడు లేస్తా" అంది కుర్చీ అత్త. పిల్ల నోట్లోంచి జారిన కొంగు కొసను మళ్లీ దాని చేతికందించింది.